పచ్చ పెట్టెలో కరకర

రుస్బెల్ మోటారుసైకిల్ ఇంజను ఆపకుండానే ఒక కాలు నేలకానించి, భుజాన వేలాడుతున్న సంచిలోంచి పచ్చరంగు ఇనపపెట్టె తీసి కౌంటరు మీద పెట్టాడు. పెట్టాడనే కంటే పడేశాడనడం సబబు. దాని మీది నాబ్ ఒకటి ఊడి, చెక్క మీంచి దొర్లి, కిటికీ పక్కన సోల్డరింగ్ చేసుకుంటున్న లిందౌరా కాళ్ళ దగ్గరికొచ్చి ఆగింది.

"మళ్ళీ అదే కరకర మాస్టారూ," అన్నాడు.

కౌంటరు వెనక నిలబడ్డ తెయోబాల్దో అతని వైపు చూశాడు. తర్వాత పక్కన ముక్కాలిపీట మీద కూచుని కొత్తిమీర తుంచుతున్న భార్య వైపు చూశాడు.

"కంట్రోలు తిప్పితే కరకరలాడుతోందట!" అంది నేలిదా గట్టిగా. ఆవిడ మాటెప్పుడూ అంత గట్టిగానే ఉంటుంది.

పెరూ అడవుల మధ్య ఊరు పుకల్పాలో గిటారు పట్టినవాడికి ఆ పచ్చపెట్టె తెలియకుండా ఉండదు. వాయించేవాడు దాన్ని కాలి దగ్గర పెట్టుకుంటాడు. మీట తొక్కితే సన్నటి తీగమోత ఒక్కసారిగా బొంగురెత్తి తేనెతుట్టె కదిపినట్టు ఝుమ్మంటుంది. కుంబియా పాటలకి జనం ఎగిరేది ఆ మోతకే. పెట్టె మీద తెల్లపెయింటుతో 'పినేదో' అని రాసి ఉంటుంది. పినేదో అంటే తెయోబాల్దో పినేదో. లిందౌరా ఇంటిపేరూ అదే గానీ ఆ రాతలో ఆమె కూడా ఉందని ఎవరూ అనుకోరు.

"అది పెట్టె దోషం కాదయ్యా," అన్నాడు తెయోబాల్దో వీధిలోకి వినపడేలా. "కంట్రోలు కాళ్ళకి సీసం పెట్టేది మా చెల్లెలు. ఐరన్ పెట్టి అలా అదిమి కూచుంటుంది. లోపల కార్బన్ పట్టీ మాడిపోతుంది. అరటికాయ వేపుడనుకుంటుంది కాబోలు!"

రుస్బెల్ నవ్వాడు. "అక్కా, నాది కాస్త దోరగా వేయించు, చాలు."

లిందౌరా కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు. వంగి నాబ్ తీసి కౌంటరు మీద పెట్టింది. వెనక్కి వచ్చి కూచున్నాక తన కుడిచెయ్యి చూసుకుంది. ఐరన్ మొనని కంట్రోలు కాలికి తాకిస్తుంది. సీసం నీళ్ళలా మెరిసి పాకగానే తీసేసి ఉఫ్ మని ఊదుతుంది. అంతే చేస్తుంది. అంతే చేస్తాననుకుంటుంది. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఒకటే పని చేసేవాళ్ళు తమ చేతుల్ని తాము చూసుకుంటారా? ఏదో ఒక పెట్టె దగ్గర మనసెటో పోయి ఐరన్ ఉండాల్సిన దానికంటే ఎక్కువసేపు ఉండిపోయిందేమో. కానీ అన్ని పెట్టెలకీ అలా ఎందుకు జరుగుతుంది?

"శాన్ హువాన్ పండక్కి యారినా సరస్సు ఒడ్డున మా డాన్సు ఉంది," అంటున్నాడు రుస్బెల్. "పాట మధ్యలో వంగి వాల్యూమ్ పెంచానో, పెద్ద పెద్ద స్పీకర్లలోంచి బరబరా గీకినట్టు వస్తోంది. జనం చెవులు మూసుకుంటున్నారు."

"పండక్కి డాన్సుందట! ఆలోపు కావాలట!" అంది నేలిదా.

"రేపు వచ్చి పట్టుకుపో," అన్నాడు తెయోబాల్దో. రుస్బెల్ వెళ్ళాక చెల్లెలి వైపు తిరిగాడు. "ఇవాళ్టి నుంచి నువ్వు కంట్రోళ్ళు ముట్టుకోకు. ఇటొచ్చి కౌంటరు దగ్గర కూచో. నేను చేసుకుంటా."

లిందౌరా ఐరన్ ప్లగ్ తీసేసింది. అన్నయ్య చెప్పింది తప్పని ఆమెకైనా తెలిస్తే కదా ఎదురు చెప్పడానికి.

ఆ మధ్యాహ్నం తెయోబాల్దో కళ్ళద్దాల మీద ఇంకో కళ్ళద్దాలు పెట్టుకుని, పాత కంట్రోలు ఊడదీసి, కొత్తది బిగించి, మూడు కాళ్ళకీ తనే సీసం పెట్టాడు. చేయి తిరిగినవాడి పని. ఒక్కో బొట్టూ గోధుమగింజంత, నున్నగా. తర్వాత గిటారు తగిలించి, గోడవైపు తిరిగి, ఒక్క దెబ్బకి అన్ని తీగలూ మీటి, మోత తగ్గేలోగా నాబ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పాడు. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటోల్లాంటి మోటోకార్లు రెండు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయాయి. ఆ రొదలో లిందౌరాకి ఏదో వినపడ్డట్టయింది. ఇసుకలో చెప్పు ఈడ్చినట్టు. చటుక్కున వదిన వైపు చూసింది. నేలిదా వంచిన తల ఎత్తలేదు.

"శుభ్రం!" అన్నాడు తెయోబాల్దో. "చూశావా, పని అంటే ఇలా ఉండాలి."

కౌంటరు దగ్గర కూచున్న లిందౌరా తనకేమీ వినపడలేదనే అనుకుంది. రోజూ ఆ మాటే పడుతుంటే చెవులకీ అదే అలవాటైనట్టుంది, లేని కరకర కూడా వినిపిస్తోంది అనుకుంది.

మర్నాడు పెట్టె తీసుకెళ్ళిన రుస్బెల్ ఆ సాయంత్రమే మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇంజను ఆపాడు. బండి దిగాడు. పెట్టెని మెల్లగా కౌంటరు మీద పెట్టాడు, అది ఇంకా భయం వేసేలా ఉంది.

"మాస్టారూ, రిహార్సల్లో మా పాటగాడు మైకు కింద పెట్టేసి బయటికెళ్ళిపోయాడు. ఇదేం బాగోలేదు."

నేలిదా భర్త చెవి దగ్గరికి వంగి ఏదో అంది. తెయోబాల్దో మొహం ఎర్రబడింది.

"నా చేత్తో చేశాను. నా చెవులతో విన్నాను. చినుకు పడితే బురద, ఎండ కాస్తే ఎర్రదుమ్ము, అందులో పెట్టి కాళ్ళతో తొక్కుతారు. తొక్కి నా దగ్గరికొచ్చి ఏడుస్తారు!"

"బురదేమిటి మాస్టారూ, మా ఇంటి వసారాలో..."

"అసలీ కంట్రోళ్ళు కొనుక్కొచ్చిందెవరు?" తెయోబాల్దో వేలు లిందౌరా మీదికి తిరిగింది. "ఇదే. బజారుకెళ్ళి ఏది దొరికితే అది సంచిలో వేసుకొస్తుంది."

నిన్నటిదాకా చెయ్యి, ఇవాళ సంచి. లిందౌరా నోరు తెరిచింది. ఆ కొట్లో కంట్రోళ్ళు ఒక్క రకమే ఉంటాయనీ, ఆయన రాసిచ్చిన అంకె చూపించే తెచ్చాననీ చెబుదామనుకుంది. కానీ రుస్బెల్ ఆమె వైపు జాలిగా చూస్తున్నాడు. ఆ జాలి చూసేసరికి ఆమె మొహం తిప్పేసుకుంది.

"నేను మీ మీద గౌరవంతో చెప్తున్నా," అన్నాడు రుస్బెల్. "ఊళ్ళో అనుకుంటున్నారు, పినేదో పెట్టెలు ఇదివరకట్లా లేవని. లీమా నుంచి వచ్చిన పెట్టె ఒకటి చూశాను. పండగ ముందురోజు వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే అదే కొనుక్కుంటా." వెళ్తూ వెళ్తూ లిందౌరా దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "అక్కా, ఏమనుకోకు. నీ చెయ్యి కాలిందని ఊళ్ళో అనుకుంటున్నారు, కొన్నాళ్ళు పని ఆపు."

ఆమె చెయ్యి కాలలేదు. కాలిందని ఊరంతా ఎలా అనుకుంటోందో మరి.

మధ్యాహ్నం భోజనం అయ్యాక తెయోబాల్దో వెనక వసారాలో ఊయల మంచంలో పడుకుంటాడు. ఆ వేళ వీధి కూడా కునుకు తీస్తుంది. మర్నాడు ఆయన పడుకోగానే లిందౌరా కొట్టు తలుపు సగం దించి, తన పాత కుర్చీలో కూచుని, పచ్చపెట్టె అడుగు మరలు నాలుగూ ఊడదీసింది.

లోపల అన్నీ తనకి తెలిసినవే. రెండు ట్రాన్సిస్టర్లు, పిడికెడు రెసిస్టెన్సులు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, అన్నయ్య ముద్దుగా 'ముసలాళ్ళు' అని పిలిచే బూడిదరంగు కండెన్సర్లు. పాత రేడియో స్టేషన్ మూసేసినప్పుడు అక్కడి సామాన్లోంచి ఆయన ఒక డబ్బా నిండా ఏరి తెచ్చుకున్నాడు. కొత్తవాటిలో లేని వెచ్చదనం వాటి మోతలో ఉందంటాడు. కొన్న ప్రతివాడికీ ఆ మాట చెప్పి మరీ చూపిస్తాడు.

గిటారు అక్కర్లేకుండానే ఆంప్లిఫయర్‌కి తగిలించి, సన్నగా పెట్టి, నాబ్ తిప్పింది. కర్ర్ర్. ఇప్పుడు మోటోకార్లు లేవు. ఉన్నది కరకరే.

అయితే మొన్న తను విన్నదీ నిజమే. మరి అన్నయ్య శుభ్రం అన్నాడేం? ఆయన చేసినప్పుడు బాగానే ఉండి, ఆ తర్వాత చెడిందా? ఒక్క రోజులో అలా చెడే వస్తువేమిటి?

కంట్రోలు చిల్లులోంచి దుమ్ము పోగొట్టే స్ప్రే కొట్టి ఇటూ అటూ తిప్పింది. కొంచెం తగ్గి మళ్ళీ మొదలైంది. కొత్త కంట్రోలు తీసింది. ఈసారి దానికి ఐరన్ తాకించనే లేదు. మూడు కాళ్ళకీ మూడు క్లిప్పులు కరిపించి తీగలు కలిపింది. వేడే తగలని కంట్రోలు. ఊపిరి బిగపట్టి తిప్పింది.

కర్ర్ర్.

చేతిలో ఉన్నది ఇప్పుడే డబ్బాలోంచి తీసిన సరుకు. సీసం లేదు, ఐరన్ లేదు, ఎవరి చెయ్యీ లేదు. ఇంతకాలం మోసిన నింద ఆ క్లిప్పుల దగ్గర తెగి కింద పడాలి. కానీ ఆమెకి ముందు కలిగింది సంతోషం కాదు, అనుమానం. క్లిప్పులు వదులుగా ఉన్నాయేమో. తనే ఏదో తప్పు కలిపిందేమో. తీసి మళ్ళీ కరిపించింది. ఇంకో కంట్రోలు పెట్టింది. అన్నీ ఒకే పాట పాడాయి.

ఆ సాయంత్రం దక్షిణం నుంచి చలిగాలి దిగింది. ఏటా పండగ ముందు వచ్చే శాన్ హువాన్ చలి. పుకల్పాలో అందరూ పెట్టెల అడుగునున్న స్వెట్టర్లు తీశారు, వాటికి బొద్దింక మందు వాసన. పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవకముందు, లిందౌరా భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని వచ్చి పెట్టె ఆన్ చేసి నాబ్ తిప్పింది.

నిశ్శబ్దం. నాబ్ ఈ కొస నుంచి ఆ కొసకి నూనెలో తిరిగినట్టు తిరిగింది.

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఏం చేస్తే తగ్గిందో తెలియదు. స్ప్రే రాత్రంతా నాని పని చేసిందా? క్లిప్పులు సర్దుకున్నాయా? ఏదైతేనేం, తగ్గింది. అన్నయ్యకి చెబుదామని లేచింది. ఆయనేమంటాడో తలుచుకుని మళ్ళీ కూచుంది. "నేను చెప్పలా, నేను చేసింది బాగానే ఉందని" అంటాడు. అదీ నిజమే అవుతుంది.

రెండో రోజు చలి పోయింది. ఎండ మళ్ళీ రేకుల కప్పు మీద కూచుంది. మధ్యాహ్నానికి కొట్లో గాలి సలసలమంటోంది. అన్నయ్య పడుకున్నాక ఒక్కసారి తిప్పి చూద్దామనుకుంది.

కర్ర్ర్.

దుప్పటి కప్పుకుంటే లేదు, చెమట పడితే ఉంది. జ్వరమా ఏమిటి దీనికి? లిందౌరా మొహం తుడుచుకుంది. ఆ మాట తనే మళ్ళీ మనసులో అనుకుంది. వేడి. ఒక్కదానికే వేడి పడట్లేదు. దేనికి?

కరెంటు కొలిచే ముల్లు మీటరు తెచ్చి కంట్రోలు మొదటి కాలికీ ఎర్తు తీగకీ పెట్టింది. అక్కడికి రావాల్సింది గిటారు మోత మాత్రమే, బ్యాటరీ కరెంటు రాకూడదు. ముల్లు సున్నా మీద పడుకుని ఉండాలి. అది లేచి నిలబడి ఉంది. మీటరు పాడైందనుకుంది. తీగలు రెండూ ఒకదానికొకటి తాకించి చూసింది, మీటరు బాగానే ఉంది.

ఐరన్ వేడెక్కనిచ్చి, దాని మొనని ఒక్కో భాగం పక్కన, తగలకుండా, వెంట్రుకవాసి దూరంలో పట్టుకుంది. మొదటి ట్రాన్సిస్టర్. ముల్లు కదల్లేదు. రెండోది. కదల్లేదు. రెసిస్టెన్సులు. కదల్లేదు. చివరికి కంట్రోలు ముందున్న బూడిదరంగు ముసలి కండెన్సర్ పక్కన పట్టుకుంది. ముల్లు మెల్లగా, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు, పైకి జరగసాగింది. ఐరన్ తీసేసి నోటితో ఊదింది. ముల్లు దిగింది. మళ్ళీ పెట్టింది. ఎక్కింది.

మోతని పోనిచ్చి కరెంటుని ఆపడమే ఆ కండెన్సర్ పని. ముసలిదై, వేడి తగలగానే కరెంటుని కూడా వదిలేస్తోంది. ఆ కరెంటు కంట్రోలు మీదికొచ్చి కూచుంటే, తిప్పినప్పుడల్లా గీకదా మరి? ఎన్ని కంట్రోళ్ళు మారిస్తే మాత్రం ఏం లాభం?

దాన్ని ఊడదీసి, కొత్త పసుపుపచ్చ కండెన్సర్ పెట్టింది. సీసం మెరిసింది, ఐరన్ తీసింది, ఊదింది. నాబ్ తిప్పింది. ఐరన్ పక్కన పట్టుకుని తిప్పింది. నిశ్శబ్దం. బల్ల మీద తయారై అమ్మకానికున్న ఇంకో పచ్చపెట్టె, ముసలాడితో ఉన్నది, తగిలించింది. కరకర.

తెయోబాల్దో ఊయలలోంచి లేచి మొహం కడుక్కుని వచ్చేసరికి లిందౌరా రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి నిలబడి ఉంది.

"అన్నయ్యా, ఇది విను." పసుపు కండెన్సర్ పెట్టె నాబ్ తిప్పింది. "ఇప్పుడిది విను." ముసలాడి పెట్టె నాబ్ తిప్పింది. స్పీకరు బరబరమంది.

"ఊఁ," అన్నాడు తెయోబాల్దో. "రెండూ శుభ్రం. అయితే?"

"రెండూనా?"

"రెండూ. ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?"

ఒంట్లో రక్తమంతా తలకెక్కింది లిందౌరాకి. ఎంత మొండితనం! కళ్ళెదుట నిప్పులాంటి నిజం పెడితే కాదంటాడే! నాబ్ మళ్ళీ తిప్పింది, వదలకుండా ఇటూ అటూ తిప్పింది. వీధిలో నిద్రపోతున్న కుక్క తలెత్తి చూసింది. తెయోబాల్దో కనురెప్ప కూడా కదల్లేదు. ఆయన ఆమె పెదవుల వైపు చూస్తున్నాడు, ఆమె ఏమంటుందో అని ఎదురుచూస్తూ.

"వినపడట్లేదా నీకు?" అని అరవబోయి, ఆ మాట మధ్యలోనే ఆగిపోయింది.

చెయ్యి నాబ్ మీదే ఉంది. ఇంకా తిప్పుతూనే ఉంది. స్పీకరు గీకుతూనే ఉంది. తెయోబాల్దో చొక్కా గుండీ పెట్టుకుంటూ, "మీ వదిన ఏది?" అన్నాడు, ఏమీ మోగని గదిలో నిలబడ్డవాడిలా.

నేలిదా వంటింట్లో పండగ పొట్లాలు కడుతోంది. పసుపు కలిపిన అన్నం ముద్ద మధ్యలో కోడిముక్క, సగం గుడ్డు, ఆలివ్ కాయ ఒకటి పెట్టి, నిప్పుమీద వాడ్చిన బిహావో ఆకులో చుట్టి నారతో బిగిస్తోంది. లిందౌరా గుమ్మంలో నిలబడింది.

"నీకు తెలుసు," అంది.

నేలిదా ఏమిటని అడగలేదు. ఇంకో ఆకు పరిచింది.

"ఆ రోజు ఆయన శుభ్రం అన్నప్పుడు నువ్వు తలెత్తలేదు. నాకు వినపడింది నీకూ వినపడింది."

"పొలికేక పెడితే వింటాడు. పక్కన కూచుని చెప్తే వింటాడు. సన్నటివి వినపడవు." నేలిదా అన్నం ముద్దని అరచేతుల మధ్య గుండ్రంగా చేసింది. "మాట సరిగా వినపడట్లేదని ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెవిటివాడి దగ్గర గిటారు పెట్టె ఎవడు కొంటాడే, నువ్వే చెప్పు. మనం ముగ్గురం తినేది దాని మీదే."

"మరి నన్ను..."

"ఆయనకి తెలియదు, అది నీ తప్పు కాదని. నిజంగానే నీదే అనుకుంటున్నాడు. తనకి వినపడనిది ఉందని ఎలా అనుకుంటాడు?"

"నీకు తెలుసుగా వదినా."

నేలిదా చేతులాగాయి. తల వంచుకునే, "రేపు ఆ అబ్బాయి వస్తాడు," అంది. "కండెన్సర్ మార్చావుగా, పెట్టె బాగైందిగా. ఇంకొక్కసారికి నీ సోల్డరింగే అని ఒప్పేసుకో అమ్మాయ్. మళ్ళీ ఎవరూ అడగరు. నీ చేతిమీద వేసుకుంటే నీకు పోయేదేముంది?"

"నా చెయ్యి పోతుంది," అంది లిందౌరా.

తనకి కోపం వస్తోందో ఏడుపొస్తోందో ఆమెకి తెలియలేదు. ఎవరి మీదో అసలే తెలియలేదు. వదిన మీద అనుకుంటే, ఆవిడ చేతుల్లో నార ముడి రెండుసార్లు జారింది. అన్నయ్య మీద అనుకుంటే, గోడవైపు తిరిగి నిశ్శబ్దాన్ని విని శుభ్రం అనుకున్న ఆ వీపు కళ్ళముందుకొచ్చింది. వచ్చి నేలిదా పక్కన కూచుని ఒక ఆకు తీసుకుంది. ఇద్దరూ పొట్లాలు కట్టారు.

సాయంత్రం ఎండ తగ్గుతుండగా తెయోబాల్దో బల్ల దగ్గర ఒక్కడే ఉన్నాడు. లిందౌరా వెళ్ళి ఆంప్లిఫయర్ ముందుగుడ్డ మేకులు ఊడదీసింది. లోపలి స్పీకరు నల్ల కాగితం గిన్నె బయటపడింది.

"ఏం చేస్తున్నావే?"

ఆమె ఆయన కుడిచెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు వీధి దాటించడానికి ఆయన పట్టుకున్న తర్వాత మళ్ళీ ఆ చెయ్యి పట్టుకోవడం ఇదే. వేళ్ళ కొసల్ని కాగితం గిన్నె మీద ఆనించి, ముసలాడి పెట్టె నాబ్ తిప్పింది.

కాగితం ఉలిక్కిపడింది. కొట్టుకుంది. తెయోబాల్దో వేళ్ళు నిప్పు తగిలినట్టు వెనక్కొచ్చాయి. తర్వాత ఆయనే మళ్ళీ పెట్టాడు.

"ఇంకోసారి."

తిప్పింది. ఆయన కాగితాన్నే చూస్తున్నాడు.

"ఇప్పుడా పెట్టె."

పసుపు కండెన్సర్ పెట్టె నాబ్ తిప్పింది. కాగితం కదల్లేదు. ఆయన ఆమె చెయ్యి తోసేసి రెండు నాబులూ తనే తిప్పాడు. ఒకటి, తర్వాత రెండోది, తర్వాత మళ్ళీ మొదటిది. ఎన్నిసార్లు తిప్పినా వేళ్ళ కింద తేడా అలాగే ఉంది.

"ఇది మీకందరికీ వినపడుతుందా?"

లిందౌరా తలూపింది.

"ఎలా ఉంటుంది?"

ఆమె బల్ల మీది గరుకుకాగితం తీసి ఆయన మోచేతి మీద మెల్లగా రుద్దింది. తెయోబాల్దో ఆ చోటుని కాసేపు చూసుకున్నాడు. మీటరు దగ్గరికి లాక్కుని కండెన్సర్ పక్కన ఐరన్ తనే పట్టుకుని, ముల్లు లేవడం కూడా చూశాడు. అది చూశాక అడగాల్సినవేవీ మిగల్లేదు.

"కీచురాళ్ళు," అన్నాడు ఉన్నట్టుండి. "సాయంత్రమయ్యేసరికి చెవులు చిల్లులు పడేలా అరిచేవి కదా. కొంతకాలంగా లేవు. అడవంతా కొట్టి రంపపు మిల్లులకి తోలేశారు కదా, అందుకే పోయాయనుకున్నా." ఆమె వైపు తిరిగాడు. "ఇప్పుడు అరుస్తున్నాయా?"

వీధి చివర మామిడిచెట్ల నిండా కీచురాళ్ళు గీపెడుతున్నాయి.

"అరుస్తున్నాయి అన్నయ్యా."

ఆయన క్షమించమనలేదు, నీ చెయ్యి మంచిదే అనలేదు. ముసలాళ్ళ డబ్బా అరలోంచి దించి, మూతపెట్టి, దాని మీద చెయ్యి వేసుకుని కూచున్నాడు. లిందౌరాకి ఏదో గెలిచిన భావం వస్తుందనుకుంది. రాలేదు. తను చేసింది మంచో చెడో తేల్చుకోలేక, మేకులు మళ్ళీ కొడుతూ ఒకటి వంకరగా దిగ్గొట్టింది.

పండగ ముందురోజు పొద్దున్నే రుస్బెల్ వచ్చాడు. ఇంజను ఆపలేదు. వీధిలో పూలదండలు కట్టిన లారీలు, లౌడుస్పీకర్లు, యారినాకి పోయే జనం. నేలిదా ముక్కాలిపీట భర్త పక్కకి జరుపుకుని కూచుంది. లిందౌరా పెట్టె తెచ్చి కౌంటరు మీద పెట్టింది. రెండు జవాబులు ఆమె నాలుక మీద ఉన్నాయి, ఒకటి వదిన అడిగింది, ఒకటి నిజం. అతను అడిగితే ఏది బయటికొస్తుందో ఆమెకే తెలియదు.

రుస్బెల్ గిటారు తగిలించి నాబ్ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. మొహం విప్పారింది. పెట్టె సంచిలో పెట్టుకుంటూ, బండి మీదికి ఎక్కి, వీధివైపు చూస్తూ ఏదో అన్నాడు.

నేలిదా నోరు తెరవబోయింది. తెయోబాల్దో ఆమె భుజం మీద చెయ్యేసి ఆపాడు. కౌంటరు చెక్క ఎత్తి వీధిలోకి దిగి, మోటారుసైకిల్ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఇంజను ఆపు. నా మొహం చూసి, గట్టిగా చెప్పు. నాకు సరిగ్గా వినపడదు."

రుస్బెల్ వేళాకోళమనుకుని నవ్వాడు. అవతలి మొహంలో నవ్వు లేకపోవడంతో తాళంచెవి తిప్పాడు.

"ఇంతకీ తప్పెక్కడుందీ అని అడిగాను మాస్టారూ!" అన్నాడు గట్టిగా. "అక్క సోల్డరింగేనా?"

"కాదు. అది మొదట్నుంచీ బాగానే చేసింది. పాచిపోయిన కండెన్సర్లు వేసింది నేను. వేసి, వినపడకపోతే శుభ్రం అన్నదీ నేనే." చెవి సరిగా లేనివాళ్ళ గొంతు కదా, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వినపడింది. పూలు కడుతున్న ఆడవాళ్ళు చేతులాపి చూశారు. "ఇంకెవరి దగ్గరైనా గీకే పెట్టెలుంటే తెచ్చిమ్మను. మా చెల్లెలు చూస్తుంది."

రుస్బెల్ ఆయన్నీ లిందౌరానీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఆమెతో, ఆయనకి వినపడని గొంతుతో, "నిజమా అక్కా?" అన్నాడు.

లిందౌరా ఈ ఒక్క ముక్క ఎవరైనా అంటే చాలునని ఎంతకాలంగానో అనుకుంది. తీరా విన్నాక, ఎండలో వీధి మధ్య అలా నిలబడ్డ అన్నని లోపలికి తీసుకుపోవాలనిపిస్తోంది, ఇంకొంచెంసేపు అక్కడే ఉండనివ్వాలనీ అనిపిస్తోంది.

తెయోబాల్దో వెనక్కి తిరిగాడు. భార్య వైపు చూడలేదు.

"ఏమంటున్నాడే?" అని లిందౌరాని అడిగాడు.

ఆమె కౌంటరు దాటి వెళ్ళి, ఆయన పక్కన నిలబడి, చెవి దగ్గరికి వంగింది. "నిజమా అని అడుగుతున్నాడు!"

"నిన్నేగా అడుగుతున్నాడు," అన్నాడు తెయోబాల్దో. "చెప్పు."